జానెడు

మంగళవారం పడవలో వచ్చిన ప్లానింగ్ ఆఫీసరు
మూడూ నలభైకి అదే పడవలో వెళ్లిపోవాలి.
అందుకే టీ మరగకముందే
హాల్లో బల్ల మీద మ్యాప్ పరిచింది,
మూలకో చక్కెర గిన్నె బరువు పెట్టి.

స్కాట్లండ్‌కు పడమటి కొసన మా దీవి
అందులో అరచేయంత.
ముదురు గోధుమరంగు పీట్ నేల,
అడుగేస్తే మోకాలి దాకా మింగుతుంది.
పచ్చరంగు గొర్రెల ఉమ్మడి బీడు.
ఆ రెంటి నడుమ, కత్తిరించి పారేసిన గోరంత
గులాబీ ముక్క.
"ఇక్కడ ఆరిళ్లు" అంది.

దీవి మొత్తానికి కాలు తడవకుండా నిలబడే చోటు అదొక్కటే.
ఇళ్లకూ అదే కావాలి, ఓట్స్ పంటకూ అదే,
వానలో ఈనే గొర్రెలకూ అదే.

పదకొండేళ్లుగా కమిటీ మినిట్స్ పుస్తకం నాది.
ఎవరేమన్నారో రాస్తాను,
ఎందుకన్నారో రాయను.

టీచరు కేటరియోనా లేచి బడి లెక్క చెప్పింది.
నలుగురు పిల్లలు. జూన్‌లో ఇద్దరు పెద్దబడికి పడవెక్కుతారు.
ముగ్గురికి తగ్గితే తలుపులకు చెక్కలు కొడతారు.
చెబుతూ చెబుతూ ఆమె చూపు ఇష్‌బెల్ కడుపు మీద ఆగింది.
ఇష్‌బెల్ కోటు బొత్తాం పెట్టుకుంది.
పుట్టనివాళ్లను కూడా హాజరుపట్టీలో వేసుకుంటున్నాం మేము.

నా సంగతీ చెప్పాలి, పుస్తకంలో లేదు గనుక.
మా అక్క కూతురు షోనా కాపురం కారవాన్‌లో.
గాలికి ఎగిరిపోకుండా తొమ్మిది తాళ్లు, తాడుకో బండరాయి.
ఈదురుగాలి రాత్రుల్లో లేచి
చీకట్లో తాళ్లు లెక్కపెట్టుకుంటుంది.
ఆ రోజు నా పెన్సిలు గులాబీ రంగు వైపే ఒరిగింది.

ఫార్కర్ నోరు విప్పడం అరుదు.
ఆ ముక్కలో సగం వాళ్ల తాతల నాటి నుంచి ఆయన సాగులోదే.
వద్దంటాడని అందరికీ తెలుసు,
వద్దనే అన్నాడు. ఒక్కమాట.
'అభ్యంతరం ఒకటి' అని రాసుకున్నాను.
ఆఫీసరు గడియారం చూసుకుంది.

అప్పుడడిగాడు, "నీళ్లెటు పోతాయి?"
"కాలువ వేస్తాం కదా."
"ఉన్న కాలువ సంగతి అడుగుతున్నా."

బిస్కెట్ల అట్టపెట్టె చించి
నా చేతిలో పెన్సిలు లాక్కుని గీశాడు
తాత తవ్విన రాతి కాలువ.
రాళ్ల మీద మట్టి, మట్టి మీద గడ్డి,
లోపల చీకట్లో నూరేళ్ల నీళ్లు.
ఏ మ్యాప్‌కీ తెలియదు, కాళ్లకు తెలుసు.
ఆ గీత మూడో ఇంటి వంటగదిలోంచి
నాలుగో ఇంటి మంచం కిందుగా సముద్రానికి పోయింది.
"ఇది మూసేశారో,
మీ గులాబీ రంగు రెండు చలికాలాల్లో గోధుమరంగు."

వద్దన్నవాడే ఎలా కట్టాలో చెబుతున్నాడు.
హాల్లో కుర్చీ కూడా కిర్రుమనలేదు.

ఆఫీసరు రెండిళ్లు చెరిపి పైకి జరిపింది.
తర్వాత ఓటు.
చేయెత్తడమూ చేతులెత్తేయడమూ
నేను కూర్చున్న చోటు నుంచి ఒకేలా కనబడతాయి.
పదిహేడు లెక్కపెట్టాను.
ఫార్కర్ చేతులు రెండూ టీకప్పు చుట్టూ ఉన్నాయి.

పడవ వెళ్లిపోయింది.
బిస్కెట్ల అట్ట ఆమె ఫైల్లో సర్దుకుని వెళ్లిపోయింది.

వసంతంలో మేకులు పాతారు, నారింజరంగు తాడు కట్టారు.
గొర్రెలకు నోటీసు ఎవరూ పంపలేదు.
ఎప్పటిలాగే వచ్చి
ఐదో ఇంటి ముందుగదిలో ఈనాయి.

ఒక సాయంత్రం చూశాను.
ఫార్కర్ మోకాళ్ల మీద వంగి, చెవి నేలకానించి,
చాలాసేపు విన్నాడు.
లేచి, మూల మేకు పెకలించి
జానెడు ఇవతల పాతాడు. తాడు బిగించాడు.
నీళ్ల కోసమో, తన కోసమో
నేనడగలేదు.

ఇంటికొచ్చి పుస్తకం తెరిచి
తేదీ వేశాను.
కింద ఏమీ రాయలేదు.